ఉగాది పచ్చడిని ఎలక్ట్రానిక్ నాలుక రుచి చూస్తే

ఉగాది పచ్చడి చేతిలో వేసి, అందులోని ఆరు రుచులనూ విడివిడిగా చెప్పమంటే పెద్దవాళ్లు కూడా తడబడతారు. బెల్లం, చింతపండు నోటికి తగలగానే తెలుస్తాయి. ఉప్పు వేశారో లేదో అనుమానంగానే ఉంటుంది. మామిడి ముక్క నమిలితే పులుపు వెంట కాస్త వగరు వస్తుంది. వేప పువ్వు చేదు మాత్రం అన్నీ గొంతు దిగిపోయాక వెనక మిగులుతుంది. ఒకే గిన్నెలోంచి పెట్టినా ఒకరు ఇంకాస్త అడుగుతారు, ఇంకొకరు ముఖం చిట్లిస్తారు. ఇంత చిక్కు వ్యవహారాన్ని కూడా పులుపు ఇంత, వగరు ఇంత, చేదు ఇంత అని అంకెల్లో చెప్పే యంత్రాలు మూడు దశాబ్దాలకు పైగా ఉన్నాయి. వాటిని స్థూలంగా ‘ఎలక్ట్రానిక్ నాలుక’ అంటున్నారు.

ఆ పేరే సగం గందరగోళానికి కారణమని నా అభిప్రాయం. ‘రుచిని కొలవడం’ అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు పనులు కలిసిపోయి ఉన్నాయి. రెండు నమూనాలు ఒకటేనా కాదా అని తేల్చడం ఒక పని. ఒక నమూనాలో ఏ పదార్థం ఎంత ఉందో చెప్పడం మరొక పని. దాన్ని తిన్న మనిషికి ఎలా అనిపిస్తుందో చెప్పడం పూర్తిగా ఇంకొక పని. యంత్రం మొదటి పనిలో దిట్ట, రెండో పనిలో ఫరవాలేదు, మూడో పనిలో మాత్రం మనుషుల దగ్గర అప్పు తెచ్చుకున్న అంకెలతో నెట్టుకొస్తుంది. ఈ తేడా పట్టుబడితే మిగిలిన విషయం సులువుగానే విడివడుతుంది.

ముందు అసలు నాలుక సంగతి చూద్దాం. నాలుక మీది ఒక్కో రుచి మొగ్గలో 50 నుంచి 100 వరకు కణాలు ఉంటాయి. వాటి ఉపరితలం మీద ఉండే గ్రాహక ప్రోటీన్లు, అయాన్ ద్వారాలు నోట్లోని లాలాజలంలో కరిగిన పదార్థాలను పట్టుకుంటాయి. ఉప్పు, పులుపు విషయంలో పని సూటిగా జరుగుతుంది: సోడియం అయాన్లు, హైడ్రోజన్ అయాన్లు ఆ ద్వారాల గుండా కణంలోకి వెళ్తాయి. తీపిని ఒక గ్రాహక జంట, ఉమామిని మరొక జంట గుర్తిస్తాయి. ఉమామి అంటే 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునాయె ఇకెడా గ్లుటమేట్ రుచికి పెట్టిన పేరు. చేదుకు మాత్రం మనిషిలో దాదాపు 25 రకాల గ్రాహకాలు ఉన్నాయి. విషపదార్థాల్లో చాలా వాటికి చేదు ఉంటుంది కాబట్టి శరీరం ఇక్కడ ఇంతమంది కాపలాదార్లను పెట్టుకుందని అంటారు. ఏ కాపలాదారు కేక వేసినా మెదడుకు వినిపించే మాట మాత్రం ఒకటే: చేదు. క్వినైన్, కెఫీన్, వేప పువ్వులోని పదార్థాలు రసాయనికంగా ఒకదానికొకటి ఏమీ కాకపోయినా మనం మూడింటినీ ఒకే పేరుతో పిలవడానికి కారణం ఇదే. కొలిచే యంత్రానికి మొదటి తలనొప్పి కూడా ఇక్కడే మొదలవుతుంది.

మన ఆరు రుచుల్లో, ఆధునిక శాస్త్రం చెప్పే ఐదు రుచుల లెక్కలో చేరనివి రెండున్నాయి. కారం శాస్త్రవేత్తల దృష్టిలో రుచి కాదు, మంట. మిరపలోని క్యాప్సైసిన్ నోట్లో వేడిని గుర్తించే నాడీ గ్రాహకాన్ని తట్టి లేపుతుంది. ఆ గ్రాహకాన్ని 1997లో గుర్తించిన బృందానికి నాయకత్వం వహించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. వగరును కూడా చాలామంది స్పర్శ కిందే కడతారు. టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లకు అతుక్కుని, నాలుక మీది జారుడుతనాన్ని పోగొట్టినప్పుడు కలిగే పట్టేసినట్టుండే అనుభూతి అది. విచిత్రం ఏమిటంటే, శాస్త్రం రుచుల పట్టికలోంచి తీసేసిన ఈ వగరుకు, ముందు ముందు చెప్పుకోబోయే జపాన్ ఎలక్ట్రానిక్ నాలుకలో ప్రత్యేకంగా ఒక సెన్సర్ ఉంది. కారానికి లేదు.

ఎలక్ట్రానిక్ నాలుక రాకముందు ఆహార పరిశ్రమ రుచిని కొలవలేదా అంటే, కొలిచింది. పండ్ల రసంలో చక్కెరను కాంతి వంగే తీరును బట్టి బ్రిక్స్ మీటరుతో, పులుపును దాన్ని విరిచేందుకు ఎంత క్షారం పడుతుందో చూసి (టైట్రేషన్), ఉప్పును ద్రవంలో విద్యుత్ ఎంత పారుతుందో చూపే వాహకత మీటరుతో లెక్కకట్టడం ఇప్పటికీ నడుస్తూనే ఉంది. అవన్నీ పదార్థాన్ని కొలుస్తాయి, రుచిని కాదు. పులిహోర కోసం నానబెట్టిన చింతపండు రసంలో, ఆమ్లాన్ని రంగుతో చూపే పీహెచ్ కాగితం ముంచి చూసి, తర్వాత అందులో ఒక బెల్లం ముక్క కరిగించి మళ్లీ చూడండి. కాగితం రంగు దాదాపుగా మారదు. నాలుకకు మాత్రం పులుపు సగానికి సగం తగ్గినట్టు తోస్తుంది. రసంలో ఆమ్లం ఎక్కడికీ పోలేదు. తీపి పక్కన నిలబడేసరికి పులుపు చిన్నబోయింది, అంతే. విడివిడి కొలతలను కూడితే రుచి రాదన్న ఈ ఇబ్బందే కొత్త రకం సెన్సర్ ఆలోచనకు దారితీసింది.

ఆ ఆలోచన జపాన్‌లో ఫుకుఒకా నగరంలోని క్యూషూ విశ్వవిద్యాలయంలో కియోషి టోకో, ఆయన సహచరుల దగ్గర 1989–90 ప్రాంతంలో రూపు దిద్దుకుంది. అప్పటిదాకా రసాయన సెన్సర్ అంటే ఒకే పదార్థానికి స్పందించి మిగతా వాటిని పట్టించుకోనిదే గొప్పది. టోకో బృందం ఈ ఆదర్శాన్ని తలకిందులు చేసింది. ఆహారంలో వందలాది పదార్థాలు ఉంటాయి. ఒక్కోదానికి ఒక్కో సెన్సర్ పెట్టుకుంటూ పోవడం అయ్యే పని కాదు, నాలుక కూడా అలా చేయదు. కాబట్టి ఒక పదార్థానికి కాక ఒక రుచికి, అంటే ఆ రుచినిచ్చే పదార్థాల గుంపు మొత్తానికి, ఉమ్మడిగా స్పందించే పొర కావాలి. ఎసిటిక్ ఆమ్లమైనా, సిట్రిక్ ఆమ్లమైనా, హైడ్రోక్లోరిక్ ఆమ్లమైనా పొరకు ‘పులుపు’గానే కనపడాలి.

ఆ పొర తయారీ చెప్పుకుంటే పెద్ద బ్రహ్మవిద్యలా అనిపించదు. పైపులు చేసే పీవీసీ ప్లాస్టిక్కునే, దాన్ని మెత్తబరిచే పదార్థంతోనూ, కొవ్వు స్వభావం గల లిపిడ్ అణువులతోనూ కలిపి పలుచని పొరగా పోస్తారు. మన కణాల పైపొర కూడా లిపిడ్లతో చేసినదే కాబట్టి ఈ పోలిక కావాలని పెట్టుకున్నదే. ఈ పొరను ఒక చిన్న గొట్టం కొనకు అతికించి, లోపల పొటాషియం క్లోరైడ్ ద్రావణం నింపి, వెండి–సిల్వర్ క్లోరైడ్ తీగ పెడతారు. గొట్టాన్ని నమూనాలో ముంచినప్పుడు పొరకు అటూ ఇటూ ఏర్పడే వోల్టేజ్ తేడాను చూడటమే కొలత. ఏ లిపిడ్ ఎంత వేస్తే పొర మీద ఎంత విద్యుదావేశం, ఎంత జిడ్డుతనం వస్తాయో సరిచూసుకుంటూ ఉప్పుకు ఒకటి, పులుపుకు ఒకటి, చేదుకు ఒకటి అని వేర్వేరు పొరలు తయారుచేశారు. ఉప్పు, పులుపు పొరల మీద పని అయాన్ల ఆకర్షణ వికర్షణలతో నడుస్తుంది. చేదు, వగరు పదార్థాలు నీటిని అంతగా ఇష్టపడవు. అవి వచ్చి పొరకే అతుక్కుంటాయి, కొన్ని లోపలికి కూడా దూరతాయి. ఈ అతుక్కునే గుణాన్ని వీళ్లు వాడుకున్న తీరు నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే ముచ్చటగా తోస్తుంది.

అదెలాగో ఒక్క కొలత దగ్గర నిలబడి చూద్దాం. మొదట సెన్సర్‌ను ఒక ప్రమాణ ద్రావణంలో ముంచుతారు. లీటరుకు 30 మిల్లీమోల్ పొటాషియం క్లోరైడ్, 0.3 మిల్లీమోల్ టార్టారిక్ ఆమ్లం కలిపిన నీళ్లు అవి. నోట్లో వేసుకుంటే దాదాపు రుచే ఉండదు. టార్టారిక్ ఆమ్లమంటే మన చింతపండుకు పులుపునిచ్చేదే. లాలాజలానికి బదులుగా యంత్రం ముందు పెట్టిన నీళ్లన్నమాట. ఇక్కడ వచ్చిన వోల్టేజ్‌ను రాసుకుని, సెన్సర్‌ను నమూనాలో దాదాపు అరనిమిషం ముంచుతారు. ఈ రెండు వోల్టేజ్‌ల మధ్య తేడా, తిన్న వెంటనే తెలిసే రుచి. ఆ తర్వాత సెన్సర్‌ను గట్టిగా కడగకుండా పైపైన మాత్రమే జాడించి, మళ్లీ ప్రమాణ ద్రావణంలో ముంచుతారు. ఉప్పు, పులుపు అయాన్లు ఆ కాస్త జాడింపుతోనే పోతాయి. పొరకు అతుక్కున్న చేదు, వగరు పదార్థాలు పోవు. అందువల్ల ఈసారి వోల్టేజ్ మొదటిసారి ఉన్న చోటికి తిరిగి రాదు. ఆ మిగిలిన తేడాయే గొంతు దిగాక నాలుకను వదలని వెనకరుచి. ఆఖరున ఆల్కహాల్ కలిపిన ద్రావణంతో పొరను శుభ్రంగా కడిగి తర్వాతి నమూనాకు సిద్ధం చేస్తారు. వేప పువ్వు చేదు చివరిదాకా ఎందుకు వెంటాడుతుందో చెప్పడానికి ఇంతకంటే చక్కని యంత్ర నమూనా మరొకటి ఉంటుందనుకోను.

1993లో ఈ పద్ధతిలో మొదటి వాణిజ్య యంత్రం మార్కెట్లోకి వచ్చింది. 2007లో వచ్చిన టీఎస్–5000జెడ్ ఇప్పటికీ పరిశోధన వ్యాసాల్లో ఎక్కువగా కనిపించే పేరు. వోల్టేజ్‌ను రుచి అంకెగా మార్చే పద్ధతిలోనే మనిషి మొదటిసారి తొంగిచూస్తాడు. ఒక ద్రావణంలో ఉప్పుగానీ పులుపుగానీ సుమారు 20 శాతం పెరిగితే తప్ప సగటు మనిషి నాలుక ఆ తేడాను గుర్తుపట్టదని చెప్పే ప్రయోగాలను ఆధారం చేసుకుని, ఆ 20 శాతం తేడాకు ‘ఒక యూనిట్’ అని పేరు పెట్టారు. కాబట్టి రెండు సాంబార్ల ఉప్పు అంకెల మధ్య అర యూనిట్ తేడా వస్తే, తేడా నిజమే, కానీ తినేవాళ్లకు తెలియదని అర్థం. రెండు యూనిట్లు వస్తే చాలామందికి తెలిసిపోతుంది. అంకెల మీద మోజుతో ఈ సంగతి మరిచిపోయి, దశాంశ స్థానాల్లోని తేడాలను పట్టుకుని ఒక ఉత్పత్తి కంటే మరొకటి మిన్న అని చాటే పటాలను చూస్తే నాకు నవ్వు వస్తుంది. ఇంకో చిన్న చిక్కు కూడా ఉంది. ప్రమాణ ద్రావణంలోనే కొంచెం ఆమ్లం, కొంచెం లవణం ఉన్నాయి కదా, అందుకని ఈ కొలమానంలో పులుపు లేకపోవడం అంటే సున్నా కాదు, మైనస్ 13. ఉప్పు లేకపోవడం అంటే మైనస్ 6. పులుపు అంకె మైనస్ 5 అని కనిపిస్తే పదార్థంలో పులుపు లేదని కాదు, ఉన్నట్టే.

ఇదంతా ఒక పాయ. ఇదే కాలంలో ఐరోపాలో మరో పాయ బయలుదేరింది. రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో యూరీ వ్లాసోవ్, ఆంద్రే లెగిన్ బృందం, రోమ్ నగరంలోని తోర్ వెర్గాటా విశ్వవిద్యాలయంలో డి నటాలే, డి అమికో బృందం కలిసి 1990ల మధ్యలో ‘ఎలక్ట్రానిక్ నాలుక’ అన్న మాటను వాడుకలోకి తెచ్చారు. వీళ్ల సెన్సర్లకు పులుపు, చేదు అన్న ఊసే లేదు. గాజు వంటి ప్రత్యేక పదార్థాలతో చేసిన పలు ఎలక్ట్రోడ్లను నమూనాలో ముంచితే ఒక్కోటి ఒక్కో రకంగా, కలగాపులగంగా స్పందిస్తుంది. ఆ స్పందనల మొత్తం ఆకారమే ఆ ద్రవానికి వేలిముద్ర. స్వీడన్‌లోని లింషాపింగ్ విశ్వవిద్యాలయంలో ఫ్రెడ్రిక్ వింక్విస్ట్ బృందం 1997లో ప్రకటించిన పద్ధతి ఇంకొక దారి పట్టింది. అది వోల్టేజ్ వచ్చేదాకా చూస్తూ కూర్చోకుండా, బంగారం, ప్లాటినం వంటి లోహాల ఎలక్ట్రోడ్ల మీదికి తానే వోల్టేజ్ అలలను పంపి, ద్రవం ఎంత కరెంటును వెనక్కి ఇస్తుందో చూస్తుంది. ఫ్రాన్స్‌లోని తూలూజ్ నగరానికి చెందిన ఆల్ఫా మాస్ సంస్థ అమ్మే యంత్రంలో ఏడు ట్రాన్సిస్టర్ సెన్సర్లు ఉంటాయి. 2005లో అంతర్జాతీయ రసాయన శాస్త్ర సంఘం ఐయూపీఏసీ తరఫున వెలువడిన నివేదిక ఎలక్ట్రానిక్ నాలుకను ఈ దృష్టితోనే నిర్వచించింది: ఒక్కోటీ ఏ ఒక్క పదార్థానికో పరిమితం కాని అనేక సెన్సర్ల గుంపు, ఆ స్పందనలను విడదీసే గణితం, రెండూ కలిస్తే ఎలక్ట్రానిక్ నాలుక.

గణితం మాట వచ్చింది కాబట్టి దాన్నీ ఒక మెట్టు దించి చెప్పుకుందాం. ఏడు సెన్సర్లు ఏడు అంకెలు ఇస్తాయి. ఏడు దిక్కులున్న పటాన్ని ఎవరూ కాగితం మీద గీయలేరు. అందుకని నమూనాల మధ్య తేడా దేని వెంట ఎక్కువగా పరుచుకుని ఉందో ఆ రెండు దిక్కులను వెతికి, వాటి మీదికి మొత్తం బొమ్మ నీడను పడేస్తారు. సాయంత్రం ఎండలో చెట్టు నీడ చూసి అది కొబ్బరిచెట్టో మర్రిచెట్టో చెప్పగలిగినట్టు, ఆ నీడను చూసి ఈ పాలు వేరు, ఆ పాలు వేరు అని చెప్పవచ్చు. అయితే ఆ పటంలోని అడ్డగీతకు, నిలువుగీతకు తమంతట తామే అర్థం ఏదీ ఉండదు. కుడివైపు చుక్క ఎడమవైపు చుక్క కంటే తియ్యనిదా, పాతబడినదా, నీళ్లు కలిపినదా అన్నది మనిషి చెప్పాలి. జపాన్ సంప్రదాయానికీ ఐరోపా సంప్రదాయానికీ తేడా ఇక్కడే ఉంది. మొదటిది ప్రతి సెన్సర్‌కూ ముందే ఒక రుచి పేరు పెట్టి కూర్చుంది, రెండోది ఆకారాన్ని మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది. రెండింటినీ ఒకే పేరుతో పిలవడం వల్ల, ఒకదాని ఫలితాన్ని రెండోదాని ఘనతగా చెప్పే రాతలు తరచూ కనిపిస్తుంటాయి.

మన దేశంలో ఈ యంత్రాలకు దొరికిన అసలైన పని తేయాకు. టీ ఆకుకు ధర పలికేది వేలంలో. వేలానికి ముందు దాన్ని చప్పరించి మార్కులు వేసేది టీ టేస్టరు. వరసగా పేర్చిన కప్పుల్లోంచి చెంచాతో జుర్రుకుని, నోట్లో తిప్పి ఉమ్మేస్తూ, ఒక్కో కప్పు దగ్గర కొన్ని క్షణాలే ఆగే ఆ మనిషి మాట మీద లక్షల రూపాయల సరుకు అటూ ఇటూ అవుతుంది. కోల్‌కతాలోని ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ–డాక్ కేంద్రం, జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం కలిసి తేయాకు కోసం ఎలక్ట్రానిక్ ముక్కునూ, లోహ ఎలక్ట్రోడ్లతో పనిచేసే ఎలక్ట్రానిక్ నాలుకనూ తయారుచేశాయి. నలుపు టీకి చురుకు, రంగు ఇచ్చే థియాఫ్లేవిన్ల వంటి పదార్థాలు ఎలక్ట్రోడ్ మీద తేలిగ్గా ఆక్సీకరణం చెందుతాయి కాబట్టి ఈ పద్ధతికి టీ చక్కగా అమరింది. కానీ ఆ యంత్రానికి ఏది మంచి టీ అని ఎవరు నేర్పారు? టేస్టర్లే. వాళ్లు వేసిన మార్కులను చూపించి, ఈ ఆకారం వస్తే 7, ఈ ఆకారం వస్తే 8 అని గణిత నమూనాకు శిక్షణ ఇస్తారు. ఇద్దరు టేస్టర్లు ఒకే కప్పుకు వేర్వేరు మార్కులు వేస్తే ఆ పేచీ కూడా యంత్రంలోకి చేరుతుంది. యంత్రం వాళ్లకంటే నిష్పక్షపాతంగా ఉంటుందన్న మాటలో సగమే నిజం: అది అలసిపోదు, జలుబు చేయదు, తోట పేరు చూసి మొహమాటపడదు, దానికి అందిన అభిరుచి మాత్రం వాళ్లదే.

ఇక యంత్రం చేతులెత్తేసే చోట్లు. వోల్టేజ్ చూసే సెన్సర్‌కు విద్యుదావేశం ఉన్న పదార్థమే కనిపిస్తుంది. చక్కెర అణువుకు ఆవేశం లేదు. మనిషి నాలుకకు అన్నిటికంటే ఇష్టమైన రుచి యంత్రానికి అన్నిటికంటే కష్టమైన రుచి కావడం ఇందువల్లే. పొరలో కొన్ని ఆమ్లాలను చేర్చి చక్కెరకు స్పందించే సెన్సర్‌ను తర్వాత తయారుచేశారు గానీ, అది ఆస్పర్టేమ్ వంటి కృత్రిమ తీపి పదార్థాలను చక్కెరతో సమానంగా చూడలేదు. వాటికి వేరే పొరలు కావలసి వచ్చాయి. నాలుక మీది ఒక్క గ్రాహక జంట చేసే పనికి ఇక్కడ మూడు నాలుగు సెన్సర్లు తంటాలు పడుతున్నాయి. చేదులోనూ ఇదే తంటా. క్వినైన్ వంటి ఆవేశం ఉన్న చేదు పదార్థాలను, బీరుకు చేదునిచ్చే హాప్స్ ఆమ్లాలను పొరలు బాగా పట్టుకుంటాయి. ఆవేశం లేని కెఫీన్ చాలాకాలం తప్పించుకు తిరిగింది, దానికోసం టోకో బృందం కొత్త రకం పొరలను రూపొందించవలసి వచ్చింది. వేపలో చేదుకు ముఖ్య కారణమైన లిమనాయిడ్లు కూడా ఆవేశం లేనివే, పైగా నీటిలో సరిగా కరగవు. అంటే, చిన్నపిల్లవాడు కూడా ఒక్క రేకు నమిలి ఉమ్మేసే వేప పువ్వు చేదును ఈ యంత్రం ఉన్నదానికంటే తక్కువగా చూపే అవకాశమే ఎక్కువ.

నూనె ఇంకొక గండం. పొరలోని లిపిడ్లకు నూనెతో చుట్టరికం ఉంది. నూనె తేలే ద్రవంలో ముంచితే పొర పాడవుతుంది, అంకె దారి తప్పుతుంది. కాబట్టి ఆవకాయను కొలవాలంటే ముందు రుబ్బి, నీళ్లలో కలిపి, నూనె తేర్చి, వడకట్టాలి. అంత చేశాక మిగిలేది ఆవకాయ కాదు, ఉప్పు పులుపు కలిసిన నీళ్లు. క్యాప్సైసిన్ నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది కాబట్టి అది ఆ తీసేసిన నూనెతోనే వెళ్లిపోతుంది. అందుకే మిరప లెక్క వేరే దారిలో నడిచింది. 1912లో అమెరికాలో విల్బర్ స్కోవిల్ మిరప సారాన్ని చక్కెర నీళ్లలో పలుచన చేసుకుంటూ పోయి, రుచి చూసేవాళ్లకు మంట తెలియకుండా పోయేసరికి ఎన్ని రెట్లు పలుచనైందో లెక్కకట్టాడు. ఇప్పుడు గుంటూరు మిరప ఎగుమతికి వెళ్లాలంటే ప్రయోగశాలలో మిశ్రమంలోని పదార్థాలను విడదీసే క్రొమటోగ్రఫీ యంత్రంతో క్యాప్సైసిన్, దాని సోదర పదార్థాలను నేరుగా తూచి, పది లక్షలో ఎన్ని వంతులున్నాయో ఆ అంకెను సుమారు 16తో హెచ్చవేసి స్కోవిల్ యూనిట్లలోకి మారుస్తారు. ఆ 16 అన్న గుణకం మాత్రం పాతకాలపు నోటి లెక్కలతో సరిపెట్టుకున్నదే. యంత్రం ఎంత ఖచ్చితంగా తూచినా, కొలబద్ద మీద గీతలు గీసింది కాలిన నోళ్లే.

పదార్థం దాటి తినేవాడి వైపు వస్తే దూరం ఇంకా పెరుగుతుంది. కరిగిపోయిన ఐస్‌క్రీం గడ్డకట్టినప్పటికంటే తియ్యగా ఎందుకుంటుందంటే, తీపి సంకేతాన్ని ముందుకు పంపే నాలుక కణాల యంత్రాంగం చల్లదనంలో మందగిస్తుంది. సెన్సర్ పొరకు అలాంటి మందగింపు లేదు. మనం రుచి అనుకునే దానిలో పెద్ద వాటా ముక్కుది. జలుబు చేసినప్పుడు చారు చప్పగా అనిపించేది ఇంగువ, కరివేపాకు వాసనలు అందకపోవడం వల్లే తప్ప ఉప్పు తగ్గి కాదు. తీపి చేదును అణచివేయడం నాలుక మీదకంటే మెదడులోనే ఎక్కువగా జరుగుతుందని ప్రయోగాలు సూచిస్తున్నాయి; ఉప్పు చేదును అణచివేయడం కొంతవరకు నాలుక మీదే జరుగుతుంది. నాలుక మీద జరిగేదాన్ని పొర కొంతైనా అనుకరించగలదేమో గానీ, మెదడులో జరిగేదాన్ని గిన్నెలో ముంచిన గొట్టం ఎలా చూస్తుంది? ఉసిరికాయ నమిలి మంచినీళ్లు తాగితే నీళ్లు తియ్యగా ఉంటాయని తెలియని తెలుగువాళ్లు ఉండరు. ఆ నీళ్లలో సెన్సర్ ముంచితే నీళ్లనే చెబుతుంది.

మనిషికీ మనిషికీ మధ్య ఉన్న తేడా సరేసరి. 1931లో అమెరికాలో డ్యూపాంట్ ప్రయోగశాలలో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త పీటీసీ అనే పొడిని సీసాలోకి పోస్తుండగా అది గాలిలోకి లేచింది. పక్కనున్న సహోద్యోగి చేదు చేదు అని గోల పెట్టాడు. ఫాక్స్‌కు ఏ రుచీ తెలియలేదు. ఒకే గదిలో, ఒకే పొడి, రెండు నోళ్లు. తర్వాతి కాలంలో దీనికి కారణం టీఏఎస్2ఆర్38 అనే చేదు గ్రాహకపు జన్యువులోని తేడాలని తేలింది. మరి ఎలక్ట్రానిక్ నాలుక ఎవరి నాలుకలా ఉండాలి, ఫాక్స్ నాలుకలాగా, అతని సహోద్యోగి నాలుకలాగా? ఈ ప్రశ్నకు సాంకేతికంగా సరైన జవాబు లేదు. ఎవరో ఒకరిని, లేదా పదిమంది సగటును ఎంచుకోవలసిందే. దక్షిణ కొరియాలో సియోల్ నేషనల్ యూనివర్సిటీ పరిశోధకులు మనిషి చేదు గ్రాహక ప్రోటీన్‌నే తెచ్చి నానో పరిమాణపు ట్రాన్సిస్టర్ల మీద అతికించి, పీటీసీని గుర్తించే, గుర్తించలేని రకాలను విడివిడిగా తయారుచేశారు. కనీసం ఈ ఎంపికను దాచకుండా బయటపెట్టిన ప్రయోగం అది.

ఇన్ని లోపాలున్నా ఈ యంత్రాన్ని వదిలేయడానికి వీల్లేని చోటు మందుల తయారీ. పిల్లలు చేదు సిరప్‌ను ఉమ్మేస్తే ఎంత మంచి మందైనా దండగే. ఏ పూత పూస్తే, ఏ పదార్థం కలిపితే చేదు తగ్గుతుందో కనుక్కోవడానికి పదుల సంఖ్యలో మిశ్రమాలు చేసి చూడాలి; భద్రత ఇంకా రుజువు కాని కొత్త మందును మనుషుల నోట్లో వేసి రుచి చెప్పమనడం తగదు. మందుల్లో చాలావరకు ఆవేశం ఉన్న చేదు పదార్థాలే కావడంతో లిపిడ్ పొరలు ఇక్కడ తమ పూర్తి బలంతో పనిచేస్తాయి. అడుగుతున్న ప్రశ్న కూడా చిన్నది: ఈ మిశ్రమం పోయినసారి దానికంటే తక్కువ చేదా? ఇది మొదటి రకం పనికి దగ్గరగా ఉంది. కర్మాగారంలో నిన్నటి రసమూ నేటి రసమూ ఒకేలా ఉన్నాయో లేదో చూడటం, పాలలో నీళ్లు కలిశాయో లేదో పట్టుకోవడం కూడా అలాంటివే. అయితే సెన్సర్ పొరలు వాడేకొద్దీ అరిగిపోతాయి, ఒకే నమూనాకు ఆరు నెలల తర్వాత వేరే అంకె చూపుతాయి. తరచూ ప్రమాణ ద్రావణాలతో సరిచూసుకోకపోతే మారింది రసమో, పొరో తెలియదు.

2024లో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో సప్తర్షి దాస్ బృందం నేచర్ పత్రికలో ప్రచురించిన ఫలితం ఈ మొత్తం చర్చను ఒక మలుపు తిప్పింది. గ్రాఫీన్ అనే అతి పలుచని కార్బన్ పొరతో చేసిన ట్రాన్సిస్టర్ల మీద పాలు, కూల్ డ్రింకులు, కాఫీలు, పండ్ల రసాలు ఉంచి, ఆ సంకేతాలను కృత్రిమ మేధకు ఇచ్చారు. ఏ లక్షణాలను చూడాలో పరిశోధకులే 20 ఎంచి ఇచ్చినప్పుడు యంత్రం 80 శాతానికి పైగా సరిగ్గా గుర్తుపట్టింది. ముడి సంకేతాన్ని దాని ముందు పెట్టి ఏం చూసుకుంటావో నువ్వే చూసుకో అని వదిలేస్తే 95 శాతం దాటింది. యంత్రం మనిషి రుచిని మించిపోయిందని ఈ ఫలితాన్ని చదివితే పొరబాటే. అది చేసిన పని గుర్తుపట్టడం. పండ్ల రసం తాజాదా కాదా అన్నది గుర్తుపట్టడానికి మనిషి పెట్టిన లక్షణాలు అవసరం లేదని, కొన్నిసార్లు అవే అడ్డమని తేలింది. ఆ రసం పుల్లగా ఉందా, బాగుందా అన్న ప్రశ్న అక్కడ ఎవరూ అడగలేదు.

మరి మొదట పక్కన పెట్టిన ఉగాది పచ్చడిని ఇప్పుడు టోకో యంత్రం ముందుకు తెద్దాం. మామిడి ముక్కలు, వేప రేకులు, కొబ్బరి ముక్కలు అలాగే ఉంటే కుదరదు కాబట్టి మెత్తగా రుబ్బి, నీళ్లు కలిపి, వడకట్టాలి. పులుపు అంకె చాలా ఎక్కువగా వస్తుంది. ప్రమాణ ద్రావణంలోని ఆమ్లమూ చింతపండులోని ఆమ్లమూ ఒకటే కాబట్టి ఈ అంకెను నిశ్చింతగా నమ్మవచ్చు. ఉప్పు అంకె కూడా నమ్మదగ్గదే, కాకపోతే అందులో బెల్లంలోని ఖనిజ లవణాల వాటా కొంత కలుస్తుంది. మామిడి వగరు మొదటి కొలతలోనూ, వెనకరుచి గడిలోనూ కనిపిస్తుంది. తీపి సెన్సర్ ఏదో ఒక అంకె ఇస్తుంది గానీ ఇంత పులుపు మధ్య దాన్ని జాగ్రత్తగా చదువుకోవాలి. చేదు తక్కువగా పడుతుంది. వేప పువ్వు వెయ్యడం మరిచిపోయారేమో అని యంత్రం నడిపే మనిషి అడిగినా అడగవచ్చు. ఆరో గడి ఖాళీగా ఉంటుంది. మిరియాల పొడి వేసిన ఇంటి పచ్చడికీ, పచ్చిమిర్చి తరిగి వేసిన ఇంటి పచ్చడికీ, పిల్లలు తినరని కారం ఊసే ఎత్తని ఇంటి పచ్చడికీ ఆ గడి ఒకేలా ఖాళీగా ఉంటుంది.